ఇంగ్లీష్ మధ్యలోనే ఎందుకు ఆగిపోతుంది?

"ఐ యామ్ స్టేయింగ్ ఇన్ హైదరాబాద్ సిన్స్ ఫైవ్ ఇయర్స్." ఈ మాట అన్నవారికి ఇంగ్లీష్ రాదని ఎవరూ అనరు. తడబాటు లేదు, భావం అందింది. వినేవారూ తెలుగువారే అయితే ఇందులో తప్పుందన్న సంగతే తోచదు. నిజానికి ఇందులో రెండు తప్పులున్నాయి. "హావ్ బీన్ స్టేయింగ్" రావాల్సిన చోట "యామ్ స్టేయింగ్" వచ్చింది. "ఫర్" రావాల్సిన చోట "సిన్స్" వచ్చింది. రెండూ "ఐదేళ్ల నుంచి హైదరాబాద్‌లో ఉంటున్నాను" అనే తెలుగు వాక్యంలోంచి వచ్చినవే. "ఉంటున్నాను" వర్తమానం కనుక ఇంగ్లీషులోనూ వర్తమానమే పడింది. "ఐదేళ్ల నుంచి" అన్నా, "2019 నుంచి" అన్నా మనకు ఒకటే "నుంచి" కనుక రెంటికీ "సిన్స్" చాలుననిపించింది.

ఇలా మాట్లాడేవారిలో చాలామందికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ అనే పేరు తెలుసు. ఖాళీలు పూరించమంటే సరిగ్గానే పూరిస్తారు. నోరు తెరిచేసరికి మాత్రం ఆ చదువంతా పక్కకు పోయి తెలుగు వాక్యం ఇంగ్లీష్ పదాలు తొడుక్కుని వచ్చేస్తుంది. ఇంగ్లీష్ నేర్చుకోవడంలో మధ్యస్థాయి అనే దశ ఇదే. ఇంటర్మీడియట్ అంటే మన రాష్ట్రాల్లో ప్లస్ టూ చదువు గుర్తొస్తుంది కాబట్టి ఇక్కడ మధ్యస్థాయి అనుకోవడమే నయం. కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానంలో భాషా సామర్థ్యానికి ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయి. వాటిలో నడిమి రెండూ, అంటే బి1, బి2, ఈ దశకు చెందుతాయి. బి1లో ఉన్నవారు ప్రయాణాల్లో ఎదురయ్యే పనులు చాలావరకు చక్కబెట్టుకోగలరు, తమ అనుభవం చెప్పగలరు, తమ అభిప్రాయానికి కారణం చూపగలరు. బి2కు చేరినవారు క్లిష్టమైన వ్యాసంలోని ముఖ్యాంశాలు పట్టుకోగలరు, ఆ భాష పుట్టుకతో వచ్చినవారితో పెద్దగా ఇబ్బంది లేకుండా మాట్లాడగలరు. ఈ రెండు మెట్ల మధ్య ఏళ్ల తరబడి నిలిచిపోయేవారు చాలామంది.

ఎందుకు నిలిచిపోతారన్న ప్రశ్నకు సాధారణంగా వచ్చే జవాబు "గ్రామర్ వీక్, వొకాబులరీ తక్కువ" అని. అందుకే మళ్లీ ఆ పన్నెండు టెన్సులే మొదటినుంచి చదువుతారు, రోజుకు పది కొత్త పదాలు బట్టీ పడతారు. ఇది రోగం ఒకటైతే మందు మరొకటి వేసుకోవడమే. మధ్యస్థాయిలో ఉన్నవారికి నియమాలు తెలుసు, పదాలూ తెలుసు. వారికి అందనిది ఆ నియమం ఎక్కడ తెలుగుతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో అన్నది. తెలిసిన పదం పక్కన ఏ మాట నిలవాలన్నది.

లారీ సెలింకర్ అనే భాషావేత్త 1972లో నేర్చుకునేవారి ఇలాంటి భాషకు ఇంటర్‌లాంగ్వేజ్ అని పేరు పెట్టాడు. అది అటు మాతృభాషా కాకుండా ఇటు లక్ష్యభాషా కాకుండా తనదైన పద్ధతితో నడుస్తుందనీ, కొన్ని తప్పులు అందులో గట్టిపడిపోయి ఎంత వాడినా మారవనీ చెప్పాడు. మన దగ్గర ఈ గట్టిపడటం మరీ తొందరగా జరుగుతుంది. ఆఫీసులో, కాలేజీలో ఎదుటివారి మనసులోనూ అదే తెలుగు వాక్యం ఉంటుంది. "సిన్స్ ఫైవ్ ఇయర్స్" ఎవరికైనా అర్థమవుతుంది. అర్థమయ్యాక సరిదిద్దేవారు ఉండరు.

కాలాలు: ఒకే రూపం, రెండు అర్థాలు

"రోజూ ఐదింటికి లేస్తాను." "రేపు ఐదింటికి లేస్తాను." మొదటిది అలవాటు, రెండోది భవిష్యత్తు. క్రియ మాత్రం ఒకటే. పాత తెలుగు వ్యాకరణాలు భవిష్యత్తునూ, అలవాటును తెలిపే తద్ధర్మాన్నీ విడివిడిగా చెప్పాయి కానీ ఇప్పటి వాడుకలో రెంటికీ ఈ ఒక్క రూపమే. ఇంగ్లీషులో అలవాటుకు "ఐ గెట్ అప్", రేపటికి "ఐ విల్ గెట్ అప్". తెలుగువారి ఇంగ్లీషులో "డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్" అన్నది ఇంతగా వినపడటానికి కారణం ఇదే. ఇంటర్వ్యూలో "మీ రోజు ఎలా గడుస్తుంది" అని అడిగితే వాక్యానికొక "విల్" వస్తుంది. వినే విదేశీయుడికి మాత్రం అది దినచర్యలా ఉండదు, ఇకమీదట ఏం చేయబోతున్నారో చెబుతున్నట్టుంటుంది.

ప్రెజెంట్ పర్ఫెక్ట్ సంగతి ఇంకొంచెం లోతైనది. "ఈ సినిమా చూశావా?" అన్నా "నిన్న ఈ సినిమా చూశావా?" అన్నా తెలుగులో "చూశావా" మారదు. ఇంగ్లీషులో మొదటిది "హావ్ యు సీన్", రెండోది "డిడ్ యు సీ". ఇప్పుడే పూర్తయిన పనికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలని చాలా స్కూళ్లలో చెబుతారు. ఆ సూత్రం సగమే నిజం. పదేళ్ల కిందట చూసిన సినిమాకైనా, ఎప్పుడు చూశామన్నది ముఖ్యం కాకుండా చూశామా లేదా అన్నదే ముఖ్యమైతే "ఐ హావ్ సీన్ ఇట్" అనే అంటారు. పది నిమిషాల కిందట జరిగినదైనా "టెన్ మినిట్స్ ఎగో" అని ముగిసిపోయిన సమయం చెప్పారంటే "ఐ సా ఇట్" అనే రావాలి. కాబట్టి వేసుకోవాల్సిన ప్రశ్న పని ఎంత కిందట జరిగిందని కాదు, వాక్యంలో గడిచిపోయిన సమయం పేరు ఉందా అని. "ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2015" అనే వాక్యం ఎన్ని రెజ్యూమేల్లో ఉంటుందో! అందులో 2015 కనబడగానే "హావ్" పోవాలి. "జస్ట్", "ఆల్రెడీ" లాంటి మాటలతో అమెరికన్లు మామూలు పాస్ట్ టెన్స్ కూడా వాడతారు, అది తప్పేమీ కాదు.

ఇవన్నీ తెలుగు అడ్డుపడే చోట్లు. తెలుగు తోడు నిలిచే చోట్లూ ఉన్నాయి. వాటిని మన పాఠాలు దాదాపు వదిలేశాయి. "వుడ్" అనే మాటతో తలపట్టుకునేవారు చాలామంది. చిన్ననాటి అలవాట్లు చెప్పేటప్పుడూ "వుడ్" అంటారు, జరగని పని చెప్పేటప్పుడూ "వుడ్" అంటారు, ఈ రెంటికీ సంబంధమేమిటని అడుగుతారు. తెలుగులో చూడండి. "చిన్నప్పుడు రోజూ చెరువుకు వెళ్లేవాళ్లం" అంటే గతంలోని అలవాటు. "నువ్వు చెప్పి ఉంటే వెళ్లేవాళ్లం" అంటే జరగని పని. "వెళ్లేవాళ్లం" అనే రూపం అచ్చం "వుడ్" లాగే రెండు పనులూ చేస్తోంది. జరగని పని గతానికి చెందితే ఇంగ్లీష్ "వుడ్ హావ్ గాన్" అని ఒక "హావ్" చేర్చుతుంది, తేడా అంతే. ఈ పోలిక ఒకసారి చూపిస్తే థర్డ్ కండిషనల్ అనే బరువైన పేరు అవసరమే ఉండదు.

మన తప్పులన్నీ తెలుగు నుంచే వస్తాయనుకోవడమూ సరికాదు. "ఇఫ్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్" అనేది మనవాళ్లు తరచూ చేసే తప్పు. తెలుగులో "అతను వస్తే చెప్తాను" అంటాం. "వస్తే" అనే చేదర్థకంలో భవిష్యత్తు గుర్తు ఏదీ లేదు. తెలుగును అనుసరిస్తే "ఇఫ్ హి కమ్స్" అనే సరైన రూపానికే దగ్గరవుతాం. భవిష్యత్తు కనబడితే "విల్" పెట్టాలని క్లాసులో నేర్చుకున్న నియమమే ఇక్కడ దారి తప్పించింది. అలాగే "హి గో", "షి కమ్" అని చివరి "ఎస్" మింగేయడం. తెలుగు క్రియ "వస్తాడు, వస్తుంది, వస్తారు" అని కర్తను బట్టి రూపం మార్చుకుంటూనే ఉంటుంది కాబట్టి ఆ తప్పు తెలుగు మీద మోపలేం. ప్రపంచంలో ఏ భాష వారైనా ఇంగ్లీష్ నేర్చుకునేటప్పుడు ఆ "ఎస్" వదిలేస్తూ ఉంటారు. "ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్" కూడా దేశమంతటా వినబడేదే.

"రావణా వాజ్ కిల్డ్ బై రామా" చేసిన నష్టం

పాసివ్ వాయిస్ అనగానే తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్నవారికి గుర్తొచ్చే వాక్యం ఇది. "రామా కిల్డ్ రావణా" ఇచ్చి తిప్పి రాయమంటారు. కర్తను తీసుకెళ్లి వెనక పెట్టాలి, "బై" చేర్చాలి, మార్కు పడుతుంది. కర్త పేరు చెప్పాలని ఉంటే అసలు వాక్యం తిప్పడమెందుకని ఎవరూ అడగరు. పాసివ్ ఉన్నదే ఎక్కువగా కర్త ఎవరో తెలియనప్పుడు, లేదా ఎవరైనా ఒకటే అయినప్పుడు వాడటానికి. ఇంగ్లీష్ వార్తాపత్రికలో పాసివ్ వాక్యాలు గుర్తుపెట్టుకుంటూ పోతే వాటిలో ఎక్కువ శాతానికి "బై" ఉండదు.

దానికి తెలుగు అనువాదమని క్లాసులో చెప్పేది "రామునిచేత రావణుడు చంపబడెను". అలా ఇంట్లో, వీధిలో ఎవరూ మాట్లాడరు. దాంతో పాసివ్ అంటే పుస్తకాల భాష అనీ, మాటల్లో అక్కర్లేదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. నిజానికి పాసివ్ చేసే పని తెలుగు రోజూ చేస్తూనే ఉంది, వేరే దారిలో. "మా ఊరికి రోడ్డు వేశారు." "పరీక్ష వాయిదా వేశారు." "ఆయన్ని అరెస్టు చేశారు." "కరెంటు తీసేశారు." ఎవరు? చెప్పలేదు, చెప్పనక్కర్లేదు. కర్తను వదిలేసి క్రియను బహువచనంలో పెట్టడం మన పద్ధతి. ఇంగ్లీష్ ఆ చోట పాసివ్ వాడుతుంది: "ద ఎగ్జామ్ హ్యాజ్ బీన్ పోస్ట్‌పోన్డ్", "హి వాజ్ అరెస్టెడ్". మనవాళ్లు "దే పోస్ట్‌పోన్డ్ ద ఎగ్జామ్" అంటారు. వాక్యం తప్పు కాదు కానీ వినేవారికి ఆ "దే" ఎవరన్న ప్రశ్న మిగిలిపోతుంది.

తెలుగు పేపర్ ముందు పెట్టుకుని కర్త లేని "వేశారు, చేశారు, ప్రకటించారు, తరలించారు" వాక్యాలు ఏరి ఇంగ్లీషులోకి మార్చడం మధ్యస్థాయి వారికి ఎంతో పనికొచ్చే అభ్యాసం. యాక్టివ్‌ని పాసివ్‌గా తిప్పే పాత అభ్యాసాలు ఎన్ని చేసినా, పాసివ్ ఎప్పుడు కావాలో ఇది నేర్పినంత బాగా అవి నేర్పలేవు.

చేయించడం విషయంలోనూ ఇలాంటిదే ఉంది. "బండి రిపేర్ చేశాను", "బండి రిపేర్ చేయించాను" అనే తేడా తెలుగు పిల్లలకు మాటలు వచ్చినప్పటి నుంచీ తెలుసు. ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి రెండూ "ఐ రిపేర్డ్ మై బైక్" అయిపోతాయి. "ఐ గాట్ మై బైక్ రిపేర్డ్" అని ఇంగ్లీషులోనూ ఆ తేడా చూపించే ఏర్పాటుంది. "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్" కూడా అదే. వ్యాకరణ పుస్తకాల్లో ఇవి కాజటివ్ అనే విడి అధ్యాయంలో ఎక్కడో చివర్లో ఉంటాయి. తెలుగు ప్రేరణార్థకంతో కలిపి చెబితే ఒక్క పూటలో పట్టుబడే విషయం.

వాక్యం పెద్దదయ్యే కొద్దీ

చిన్న వాక్యాలు తప్పుల్లేకుండా మాట్లాడేవారు కూడా వాక్యంలో వాక్యం ఇమడ్చాల్సి వస్తే ఇబ్బంది పడతారు. "నేను చదివిన పుస్తకం", "నేను చదివిన స్కూలు", "నేను చదివిన గది" - తెలుగు ధాతుజ విశేషణం మూడింటికీ ఒక్కలాగే పనిచేస్తుంది. పుస్తకాన్ని చదివామా, స్కూల్లో చదివామా, గదిలో కూర్చుని చదివామా అన్నది వినేవారే గ్రహించుకుంటారు. ఇంగ్లీష్ అంత భారం వినేవారి మీద వేయదు. "ద బుక్ ఐ రెడ్", "ద స్కూల్ ఐ స్టడీడ్ ఎట్", "ద రూమ్ ఐ స్టడీడ్ ఇన్" అని ఆ సంబంధం చెప్పి తీరాలి. "ద స్కూల్ విచ్ ఐ స్టడీడ్" అని ఆపేస్తే స్కూలునే పాఠంలా చదివేసినట్టు అవుతుంది. చిన్న చిట్కా ఒకటి ఉంది: విడి వాక్యంగా చెప్పి చూడాలి. "ఐ స్టడీడ్ ఎట్ ద స్కూల్" అన్నప్పుడు "ఎట్" ఉంది కదా, కలిపినప్పుడూ అది ఉండాల్సిందే.

ప్రశ్నను వాక్యంలో ఇమిడ్చినప్పుడు జరిగే తప్పు దీనికంటే విస్తారమైనది. "అతను ఎక్కడ ఉన్నాడు?" అనే ప్రశ్నకు "ఓ" చేర్చి "అతను ఎక్కడ ఉన్నాడో తెలియదు" అంటాం. పదాల వరస మారలేదు. ఇంగ్లీషులో "వేర్ ఈజ్ హి" అనే ప్రశ్న వాక్యం లోపలికి వెళ్లగానే "వేర్ హి ఈజ్" అయిపోతుంది. వరస మారాలన్న ఊహే మనకు రాదు కనుక "ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి", "కెన్ యు టెల్ మి వాట్ ఈజ్ ద టైమ్" అంటాం. "ఓ" చేర్చే ప్రతిచోటా ఇంగ్లీషులో మామూలు వాక్యపు వరసే వస్తుందని పెట్టుకుంటే చాలు.

ఆర్టికల్స్ గురించి ఎక్కువ చెప్పి లాభం లేదు. తెలుగులో అవి లేవు, ఏ పట్టికా వాటిని పూర్తిగా నేర్పలేదు. చదవగా చదవగా పట్టుబడేవే. మొదటిసారి ప్రస్తావించేటప్పుడు "ఎ", ఏదో ఇద్దరికీ తెలిశాక "ద" అన్న ఒక్క సూత్రం చాలా దూరం తీసుకెళ్తుంది. దాంతోపాటు "అడ్వైస్", "ఇన్ఫర్మేషన్", "ఫర్నిచర్", "లగేజ్", "ఎక్విప్‌మెంట్" లాంటి మాటలకు బహువచనం ఉండదన్నది గుర్తుంచుకోవాలి. "సలహాలు" అని మనం అంటాం కాబట్టి "అడ్వైసెస్" అనేయడం సహజమే.

తెలిసిన పదాలే తెలియవు

పదజాలం గురించి కొన్ని లెక్కలు చూద్దాం. 1920లలో ఢాకాలో పనిచేసిన ఇంగ్లీష్ బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్ ఇంగ్లీష్ నేర్చుకునేవారికి అన్నిటికంటే ముందు కావాల్సిన పదాలేవో తేల్చడం మీద ఏళ్ల తరబడి శ్రమించి 1953లో సుమారు 2000 పద కుటుంబాల జాబితా ప్రచురించాడు. పద కుటుంబమంటే "క్రియేట్, క్రియేషన్, క్రియేటివ్" లాంటివన్నీ కలిపి ఒకటి. ఆ రెండు వేలు వస్తే మామూలు ఇంగ్లీష్ రచనలో దాదాపు 80 శాతం పదాలు తెలిసినట్టే. వినడానికి ఘనంగా ఉంది కానీ ప్రతి ఐదు పదాల్లో ఒకటి తెలియదన్నమాట. పత్రికలూ నవలలూ ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే 98 శాతం పదాలు తెలిసి ఉండాలనీ, అందుకు ఎనిమిది తొమ్మిది వేల కుటుంబాలు కావాలనీ పాల్ నేషన్ అనే భాషావేత్త 2006లో లెక్కగట్టాడు. పై చదువులకు వెళ్లేవారి కోసం ఎవెరిల్ కాక్స్‌హెడ్ అనే పరిశోధకురాలు 2000లో తయారుచేసిన 570 కుటుంబాల జాబితా వేరే ఉంది. పాఠ్యగ్రంథాల్లో పదో వంతు దాకా ఆ మాటలే.

ఈ లెక్కల్లోంచి మధ్యస్థాయి వారు తీసుకోవాల్సింది ఒకటుంది. ఇంగ్లీష్ బాగుపడాలంటే ఇంగ్లీష్ దినపత్రికలో సంపాదకీయం చదవమని మన దగ్గర అందరూ చెబుతారు. మూడు వేల కుటుంబాలు కూడా రానివారికి సంపాదకీయంలో పంక్తికో తెలియని మాట తగులుతుంది. నాలుగు రోజులు డిక్షనరీ తిరగేసి, ఐదో రోజు పేపర్ మూసేస్తారు. మూడు వందల పదాల పేజీలో తెలియనివి ఆరేడుకు మించని పుస్తకాన్ని ఎంచుకోవాలి. స్థాయిని బట్టి సులభ భాషలో రాసిన కథల పుస్తకాలు దొరుకుతాయి. అవి చదవడం నామోషీ అనుకోవడం వల్ల మనవాళ్లు చాలా నష్టపోతున్నారు.

ఇక తెలిసిన పదాల సంగతి. తెలుగువారికి ఇంగ్లీష్ పదాలు కొత్త కాదు. చదువు లేనివారి మాటల్లోనూ వందల కొద్దీ ఉంటాయి. కానీ అవి తెలుగులోకి "చేయు", "అవు" తోడు తెచ్చుకుని వచ్చాయి: "సజెస్ట్ చేశాడు", "ఎక్స్‌ప్లెయిన్ చేశాడు", "ఇన్‌ఫార్మ్ చేశాడు". తెలుగులో మూడింటికీ "అతనికి" అని పెట్టేస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో ఒక్కోదాని నడక ఒక్కో తీరు. "ఇన్‌ఫార్మ్ హిమ్" అనాలి, "టు" ఉండకూడదు. "ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు హిమ్" అనాలి, "టు" ఉండి తీరాలి. "టెల్ హిమ్", కానీ "సే టు హిమ్". "ఆన్సర్ హిమ్", కానీ "రిప్లై టు హిమ్". "సజెస్ట్" దగ్గర మరీ చిక్కు: "హి సజెస్టెడ్ మి టు గో" అని ఇక్కడ అందరూ అంటారు, ఇంగ్లీష్ ఒప్పుకునేది "హి సజెస్టెడ్ దట్ ఐ గో" అనీ "హి సజెస్టెడ్ గోయింగ్" అనీ. "గురించి చర్చించాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్" అంటాం. "డిస్కస్" తరవాత "అబౌట్" రాదు.

పదం తెలుసు, అర్థం తెలుసు, పక్కన ఏది రావాలో తెలియదు. దీన్ని పదాల జాబితాలు బాగుచేయవు. ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీ కూడా చేయదు, ఎందుకంటే "సజెస్ట్"కు "సూచించు" అని రాసి ఊరుకుంటుంది. నేర్చుకునేవారి కోసం ప్రత్యేకంగా తయారైన ఇంగ్లీష్-ఇంగ్లీష్ డిక్షనరీలున్నాయి. వాటిలో అర్థం కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యమే అసలు సరుకు. ఇప్పుడవి ఫోన్‌లో ఉచితంగానే చూడొచ్చు. నోట్‌బుక్‌లో "సజెస్ట్ = సూచించు" అని రాసుకునే బదులు "హి సజెస్టెడ్ గోయింగ్ బై ట్రెయిన్" అని వాక్యమే రాసుకోవాలి.

తెలుగులో స్థిరపడి అర్థం మార్చుకున్న మాటలు ఇంకో రకం చిక్కు. "ఫీల్ అయ్యాడు" అంటే మనకు నొచ్చుకున్నాడని. "డోంట్ ఫీల్" అని ఇంగ్లీషులో ఓదార్చబోతే ఏమీ అనుభూతి చెందవద్దని చెప్పినట్టవుతుంది. అంతకంటే ఇబ్బంది పెట్టేది "డౌట్". మన క్లాసులో డౌట్ అంటే అర్థం కాని చోటు, అడగాల్సిన ప్రశ్న. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లిన విద్యార్థి ప్రొఫెసర్‌తో "ఐ హావ్ ఎ డౌట్" అంటే, ఆయన చెప్పినది నిజమేనా అని అనుమానిస్తున్నట్టు వినబడే ప్రమాదముంది. అక్కడ "ఐ హావ్ ఎ క్వశ్చన్" అనాలి. "అవుట్ ఆఫ్ స్టేషన్", "ప్రిపోన్" లాంటివి తప్పులు కావు. అవి భారతీయ ఇంగ్లీష్, "ప్రిపోన్" ఇంగ్లీష్ నిఘంటువుల్లోకీ చేరింది. దేశంలో వాడుకోవడానికి సంకోచం అక్కర్లేదు, బయటివారితో మాట్లాడేటప్పుడు మాత్రం అవి వారికి తెలియకపోవచ్చని గుర్తుంటే చాలు.

పదాల జతలు కూడా ఇలాగే. "చిమ్మచీకటి" అంటాం, "మండుటెండ" అంటాం, వాటిని తారుమారు చేయం. ఎందుకని అడిగితే కారణం చెప్పలేం. ఇంగ్లీషులో "హెవీ రెయిన్", "స్ట్రాంగ్ విండ్" అంతే. ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షలకు సిద్ధమయ్యేవారు ఈ మామూలు జతలను నిర్లక్ష్యం చేసి "యూజ్" బదులు "యుటిలైజ్", "బిగ్" బదులు "జైగాంటిక్" అని పెద్ద మాటల వెంట పడతారు. ఆ పరీక్ష రైటింగ్‌లో పదజాలానికి నాలుగో వంతు, వ్యాకరణానికి నాలుగో వంతు మార్కులున్న మాట నిజమే. కానీ చూసేది మాట సరైన చోట కుదిరిందా అని కూడా. కుదరని పెద్ద మాట వల్ల మార్కులు తగ్గుతాయి.

ఫ్రేజల్ వెర్బ్‌లంటే చాలామందికి టెన్షన్. "ఈట్ అప్", "గో అవే", "త్రో అవే" లాంటి వాటిలో ఆ చివరి ముక్క ఏం చేస్తోందో అర్థం కాదంటారు. తెలుగులో "తిన్నాడు" వేరు, "తినేశాడు" వేరు. "వెళ్లాడు" వేరు, "వెళ్లిపోయాడు" వేరు. పని పూర్తిగా అయిందనో, ఇక్కడినుంచి దూరమైందనో చెప్పే పనిని మన "వేయు", "పోవు" చేస్తున్నాయి. "అప్", "అవే", "ఆఫ్" కూడా చాలా చోట్ల అదే పనిలో ఉంటాయి. అన్నిటికీ ఈ పోలిక సరిపోదు, "పుట్ అప్ విత్" లాంటివి విడిగా నేర్చుకోవాల్సిందే. కానీ సగం భయం దీనితో పోతుంది.

గుర్తుంచుకోవడం మాటకొస్తే, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వవేత్త 1885లోనే తన మీద తాను ప్రయోగాలు చేసి చూపించాడు: నేర్చుకున్న కొత్తలో మరుపు చాలా వేగంగా ఉంటుంది, తరవాత నెమ్మదిస్తుంది. ఒకే పూట ఇరవైసార్లు వల్లె వేయడం కంటే మర్నాడు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరిగి చూడటం మేలు. అది కూడా చూసి చదవడం కాదు, మూసి గుర్తు చేసుకోవడం. తెలుగు వాక్యం ఒకవైపు, ఇంగ్లీష్ వాక్యం రెండో వైపు రాసిన చీటీలు ఇందుకు బాగా పనికొస్తాయి. తెలుగువైపు "రెండేళ్ల నుంచి ఇదే కంపెనీలో చేస్తున్నాను" అని ఉంటే, ఇంగ్లీష్ నోట్లోంచి రావాలి. రెండు భాషలూ విడిపోయే చోటే అభ్యాసం జరగాలి కాబట్టి ఇక్కడ తెలుగు వైపు ఉండటం అవసరం.

ఇంగ్లీష్ క్లాసులో తెలుగు వినబడకూడదన్న పట్టుదల చాలా ప్రైవేట్ స్కూళ్లలో ఇంకా ఉంది. మధ్యస్థాయికి వచ్చిన పిల్లలకు ఆ పట్టుదల మేలు చేయడం లేదు. వాళ్ల మనసులో తెలుగు వాక్యం ఎలాగూ ఉంటుంది, దాన్ని బయటికి తీసి పక్కపక్కన పెట్టి చూపేవారు లేకపోవడమే కొరత. అలా చూపడానికి ఇప్పుడు ఒక వీలు చిక్కింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలైన తెలంగాణలోనూ ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికి వచ్చాయి. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో. అవి సైన్సు, సోషల్ లాంటి పాఠాలు అర్థం చేసుకోవడానికి ఉద్దేశించినవి. వారానికి ఒక పీరియడ్ ఇంగ్లీష్ టీచర్ ఆ రెండు పేజీలూ తెరిపించి, ఇక్కడ తెలుగులో "అంటారు" అని ఉంటే అక్కడ "ఈజ్ కాల్డ్" ఎందుకైంది, ఇక్కడ ఒక్క మాటలో ఉన్న "ప్రవహించే" అక్కడ "దట్ ఫ్లోస్" ఎందుకైంది అని పిల్లల చేతే గీతలు గీయిస్తే, దానికి వేరే పుస్తకం, వేరే ఖర్చు ఏదీ అక్కర్లేదు.